ఏ బడి?

కొత్త బస్టాండు ఎనక, జిరాక్స్ షాపు మీద
నెలకొక్క ఆదివారం మా సంఘం.
మెట్లెక్కంగనే అడిగేది పేరు కాదు,
ఏ బడి? అని.
గోత్రం అడిగినట్టే.

హైదరాబాదు చెవిటి బడిల చదివినోళ్లు ముందటి కుర్చీలల్ల.
వాళ్ల చేతులు నూనె పోసిన మడతబందుల్లెక్క
ఎక్కడా ఒరుసుకోకుండ తిరుగుతయి.
అధ్యక్షుడు శేషగిరి ఇంట్ల మూడు తరాల చెవుడు.
ఆ సంగతి చెప్పుకుంట మూడు వేళ్లు లేపితే
మూడు పేటల గొలుసు చూపించినట్టుంటది.

గోడ పొంటి మిషనోళ్లు.
పుర్రెకు అయస్కాంతం అంటించుకున్న పదేండ్ల ప్రద్యుమ్న.
చేతులు లేపితే మాట రాదని
డాక్టరు చెప్పిండంట, వాళ్లమ్మ చెప్పింది.
వాడు చేతులు తొడల కింద పెట్టుకొని
మా దిక్కు చూస్తడు,
మిఠాయి దుకాణం చూసినట్టు.

నేను నడుమ.
పదకొండేండ్లప్పుడు మెదడు జ్వరం, జడ్చర్ల దవాఖాన.
లేచేసరికి ఫ్యాను తిరుగుతుంది, గాలి తగులుతుంది, అంతే.
నా తెలుగు ఆ మంచం కాన్నే ఆగింది,
నోట్లె ఇంకా నాయనమ్మ మాటలే.
చేతులు నేర్చింది ఇరవై దాటినంక.
నా సైగల యాస ఉందని ఇప్పటికీ నవ్వుతరు.
నాకు పెట్టిన పేరు: పెదవుల కాడ రెండు వేళ్లు తెరిచి మూసుడు.
నోరున్నోడు.
ఆ పేరు పోగొట్టుకునేతందుకు
ఏడేండ్లు ఆ గదిల గొంతు తెరవలే.
తుమ్మొచ్చినా దస్తీ అడ్డం పెట్టుకున్న.

చేతిరాత మంచిదని రిజిస్టరు నాకిచ్చిన్రు.
పేరు, ఊరు, సదరం శాతం, బడి, భాష.

పొద్దుగూకినంక కుర్మయ్య వచ్చిండు, కోస్గి దిక్కు నుంచి.
భుజం మీద గొంగడి, ఎంట తమ్ముని కొడుకు.
యాభై ఐదేండ్లు. బడి మొఖం చూడలే.
బస్సు పాసుకు సంఘం సంతకం కావాలె.
నేను సైగ చేస్తే,
గదుమకు చెయ్యి ఆనించి, మోకాలెత్తు చూపి,
పడమటి దిక్కు ఉఫ్ఫని ఊదిండు.
అమ్మ, ఆయన, మంద కలిసి కట్టుకున్న మాటలవని
పిలగాడు కాయితం మీద రాసిచ్చిండు.
ముందటి వరుస నవ్వింది.
చేతులతోటి నవ్వుడు మీరు చూసి ఉండరు,
అటు తిరిగి తప్పించుకుందామంటే
అటు గూడ ఒకడుంటడు.
కోతి చేష్టలు, అన్నడెవరో, మస్తు అందమైన సైగల.
నేను గూడ నవ్విన.
అందరికన్న ఎక్కువ నవ్విన, నా వంతు దొరికింది గదా.
భాష అన్న గడిల లేదు అని రాసిన,
దొడ్డక్షరాలతోటి.

అప్పుడే కరెంటు పోయింది.
ఫోన్లన్నీ మూల బల్ల మీద చార్జింగుకు పెట్టి ఉన్నయి.
చీకట్ల మా భాష ఏమైతదో తెలుసా?
మూడు తరాలు, పట్నం బడి, అధ్యక్ష పదవి,
అన్నీ మూరెడు గాలిల మునుగుతయి.
కుర్చీకొక బండరాయి.

ఒక చెయ్యి నా మోచెయ్యి దొరకబట్టింది.
భుజం మీదికి పాకింది.
రాత్రి మందల ఏ గొర్రె దగ్గుతుందో దేవులాడే చెయ్యి,
గరుకుగ, ఆత్రం లేకుండ
వచ్చి నా గొంతు మీద ఆగింది.
ఏమడుగుతున్నడో నాకు సాఫ్ సమజైంది.
ఏడేండ్లకు నోరు తెరిచిన:
ఈన్నే ఉన్న బిడ్డ, ఏం గాలే.
నాయనమ్మ మాట, నాకంటె ఇరవయ్యేండ్లు పెద్దాయనకు.
నాకు ఇనపడలే, ఆయనకు ఇనపడలే.
అరచెయ్యికి అందింది.
మెడ మీద రెండుసార్లు మెల్లగ తట్టిండు.

ట్యూబులైటు కొట్టుకొని కొట్టుకొని వెలిగింది.
అటెనక నేను చేసింది గూడ చెప్పాలె:
ముందటి వరుస ఇటు తిరగకముందే
ఆ చెయ్యి తీసి పక్కకు పెట్టిన,
ఈగను తోలినట్టు.

గోడ కాడి ప్రద్యుమ్న ఒక్కడే నన్ను చూస్తున్నడు.
వాడు విన్నడు.
తొడ కింది నుంచి ఒక చెయ్యి బయటికి తీసి
తన గొంతు మీద పెట్టుకున్నడు,
వాళ్లమ్మ మళ్ల కిందికి దించేదాక.

కుర్మయ్య సంతకం తీసుకొని ఆఖరు బస్సుకు పోయిండు.
రిజిస్టరు నా కాన్నే ఉంది.
లేదు అన్నది కొట్టెయ్యొచ్చు,
కొట్టేసి ఏం రాయాలె?
నెలాయె, పెన్ను మూత తీసుడు, పెట్టుడు.
మెడ కాడ ఇంకా గొంగడి వాసన.